అన్నీ రవ్వంత రవ్వంతే

ఈ సాయంత్రం జమ్మలమడుగులోని నా మందుల షాపుకు ఓబులేసు వచ్చాడు. ఎన్నికల ప్రచారంలో నాయకుడి జీపు పక్కన రొమ్ము విరుచుకుని నడవాలని వాడి కోరిక. అందుకని జిమ్ములో ఎవరో చెప్పిన కండల మందులు మూడు రకాలు కలిపి పొడుచుకుంటున్నాడు. ఇవాళ తొండూరులో గొర్లు మేపే వాళ్ల నాయనకు బీపీ చూపించడానికి తీసుకొచ్చి, పనిలో పనిగా సూదులు అడిగాడు.

ఇద్దరికీ బీపీ చూశాను. నాయనది బ్రహ్మాండంగా ఉంది. కొడుకుది చూసి, మిషన్ పాడైందేమోనని మళ్లీ చూశాను. మిషన్ బాగానే ఉంది.

“మూడూ రవ్వంత రవ్వంతే ఏసుకుంటాండాన్నా. ఒగటే ఎక్కువైతే గదా డేంజరు?” అన్నాడు ఓబులేసు ధీమాగా.

నేను నోరు తెరిచేలోపే వాళ్ల నాయన అందుకున్నాడు.

“మీ పెద్దనాయన్ను ఎట్ల సంపినార్రా? పార్టీ గొడవల్లో తలా ఒక దెబ్బే ఏసినారు. కోర్టులో ప్రతి నాకొడుకూ ‘నాది చిన్న దెబ్బే సామీ’ అన్నోడే. మీ పెద్దనాయన లేచినాడా?”

షాపులో దగ్గుమందు కోసం నిలబడ్డ ఇంకొకాయన దగ్గడం మానేశాడు. ఓబులేసు తల దించుకున్నాడు. హమ్మయ్య, బుర్రకెక్కింది అనుకున్నాను. కాసేపటికి వాడు నా చెవి దగ్గరకు వంగాడు.

“అయితే ఒగటే గట్టిగా ఏసుకుంటే ఏం కాదంటావాన్నా?”

సూదులు ఇవ్వకుండా పంపించాను. ఈ తెలివికి మందు నా షాపులో లేదు. మీ ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుందా?