పెట్టె కన్ను కదలలేదు

"సుంకమ్మక్కా, నీ పుణ్యమా అని నాకు పదకొండు దినాలు పోయినాయి" అన్నాడు ప్రకాశప్ప.

"నాకు ఈడ ఇరవై ఆరేండ్లు పోయినాయప్పా. నేనెవర్నన్నా అడిగినానా?" అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. అతను వైర్లన్నీ సంచిలో సర్దుకుని కౌల్ బజారులోని తన ఇంటికి వెళ్లిపోయాడు. మూడు రోజులకు నేను పదవీ విరమణ చేశాను. రెండేళ్ల కిందటి సంగతి ఇది. అప్పటికి ఉగాది వెళ్లి నెల కూడా కాలేదు.

మాది బళ్లారిలో భూముల కాగితాలు భద్రపరిచే కచేరీ. పేరు చెప్పను. నా భర్త అక్కడ అటెండరు. ఆయన పోయాక కనికరం కింద ఆ ఉద్యోగం నాకు ఇచ్చారు. మొగుడి కుర్చీ పెళ్లానికి వచ్చిందని చుట్టాలు అన్నారు. ఆయనకు కుర్చీ ఎక్కడిది, స్టూలు. అదే నాకు వచ్చింది. చదువు రాదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు, కట్ట మీది ఊరి పేరును దాని వాలకాన్ని బట్టి గుర్తుపట్టడం వచ్చు. రెండో అక్షరమూ చివరి అక్షరమూ ఒకటే అయితే అది సిరిగేరి. ఈపాటి చదువుతో రికార్డు గది నడిపాను. ఇప్పుడు నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు పద్మ రాస్తున్నది. నా మాటను అచ్చుకు తగిన మాటగా మారుస్తున్నానని అంటున్నది. మార్చనీ.

విరమణకు నెల ముందు నాకు ఒక హోదా వచ్చింది. సమీక్షకురాలు.

పాత కంప్యూటరులోని భూముల పటాలన్నిటినీ కొత్త పెట్టెలోకి నకలు చేయాలని బెంగళూరు నుంచి ఉత్తర్వు వచ్చింది. పెట్టె అంటే ఇటుకంత నల్లటి డబ్బా. లోపల డిస్కు, ముందువైపు చిన్న దీపం. ఆ పనికి ఒక ప్రైవేటు కంపెనీ ప్రకాశప్పను పంపింది. నకలు సరిగా వచ్చిందో లేదో మనుషులు కూర్చుని చూడనక్కరలేదు. ఆ పరీక్షలనూ కంప్యూటరే చేసుకుంటుంది. ఒక ఫైలును రాస్తుంది, రాసినదాన్ని తిరిగి చదువుతుంది, అసలుతో పోలుస్తుంది, కలిస్తే తెర మీద పచ్చ గీత వేస్తుంది. ఆ పరీక్షలు పరీక్షలేనా అని చూసేవారిని సమీక్షకులంటారు.

సమీక్షకులకు నకలు పనితో గాని కంప్యూటర్లతో గాని ఏ సంబంధమూ ఉండరాదని ఉత్తర్వులో ఉంది. పక్షపాతం రాకూడదట. మా శిరస్తేదారు, అంటే గుమాస్తాలందరి మీద అధికారి, సిబ్బంది జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరే కొట్టేశారు. గుమాస్తాలందరికీ కంప్యూటర్లు ఉన్నాయి. డ్రైవరుకు వాటిలో పాటలు వినే అలవాటు ఉంది. చివరికి నేనూ, గేటు దగ్గర పడుకునే కుక్కా మిగిలాము. కుక్క పేరు జీతాల పట్టీలో లేదు.

సంతకం పెట్టడమే నా పని, అంతకుమించి ఏమీ లేదన్నారు. కానీ ఉత్తర్వు రెండో పేజీని గుమాస్తాతో చదివించుకున్నాను. సమీక్షకురాలి సంతకం పడిన రోజే పాత కంప్యూటరులోని ఫైళ్లను తుడిచివేయాలని అందులో ఉంది. సిరుగుప్ప వైపు ఊళ్ల పటాల కాగితాలు అంతకు ముందే వానలకు గది కప్పు కారి ముద్దయిపోయాయి. ఆ ముద్దను చాటతో ఎత్తిపోసింది నేనే. ఆ వరి పొలాల్లో ఎవరి గట్టు ఎక్కడుందో చెప్పే పటం ఇక ఆ పాత కంప్యూటరులోనే ఉంది. దాన్ని తుడిచాక, కొత్త పెట్టెలో లేకపోతే, ఇంకెక్కడా ఉండదు. గట్టు తగాదాతో వచ్చిన రైతుకు చూపించడానికి నా సంతకం ఒక్కటే మిగులుతుంది.

పరీక్షల రోజు ప్రకాశప్ప నా స్టూలును తెర ముందుకు లాగి కూర్చోమన్నాడు. అతను బట్టల శెట్టి కొడుకు, నలభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. పరీక్షలు వెయ్యికి పైగా ఉన్నాయని, పెద్ద ఫైలుకొకటి, చిన్న ఫైలుకొకటి, పేరు మరీ పొడవైనదానికొకటి, చివరికి లోపల ఏమీ లేని ఫైలుకు కూడా ఒకటి ఉందని వివరించాడు. ఖాళీ కాగితానికి నకలు తీయడం మా కచేరీలోనూ జరిగేదని, దానికీ రెండు సంతకాలు పెట్టేవారని చెప్పాను. అతను నవ్వలేదు.

మీట నొక్కాడు. తెర మీద రాత నాకు రాదు గనక నేను పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. రాస్తున్నంతసేపూ దాని దీపం మినుకుమినుకుమన్నది. ఆ తర్వాత "ఇప్పుడు సదువుతాండాది, సూడక్కా" అన్నాడు. పచ్చ గీతలు వానలా దిగాయి. దీపం మాత్రం మినుకుమనకుండా నిలకడగా వెలుగుతూ ఉంది.

"ఇది సదవడం కాదు ప్రకాశప్పా. ఒప్పజెప్తాండాది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మా నకలు విభాగం సంగతి చెప్పవలసి వచ్చింది. నేను చేరిన కొత్తలో నకలు అంటే చేత్తో రాసేదే. రాసినవారు ఒకరు, సరిచూసినవారు ఒకరు, అడుగున ఇద్దరి సంతకాలు. సరిచూడడమంటే ఒకరు నకలును పైకి చదువుతారు, రెండోవారు అసలు మీద వేలు పెట్టుకుని వెంబడిస్తారు. నకలు రాసినవారు దాన్ని చదవకూడదని నియమం. మనుషులు తక్కువైనప్పుడల్లా మొదట పోయేది ఆ నియమమే.

నాగభూషణప్ప అని ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. తాను రాసినదాన్ని తానే చదివేవాడు. కళ్లు కిటికీ అవతలి బజ్జీల బండి మీద, నోరు మాత్రం గడగడ. ఒకసారి ఒక పొలం హద్దుల్లో "తూర్పున వంక", అంటే వాగు, అని చక్కగా చదివాడు. ఎదుటివాడు అసలులో వంకను చూసి తల ఊపాడు. రెండు సంతకాలూ పడ్డాయి. నకలులో వంక లేదు. మనిషి రాయడం మరిచాడు గాని చదవడం మరవలేదు. ఆ కాగితం పుచ్చుకున్న రైతు లేని వంక కోసం ఏండ్ల తరబడి కోర్టుకు తిరిగాడు.

అప్పటి నుంచి నాకు ఒక పని అప్పగించారు. సరిచూసేటప్పుడు ఎదురుగా నిలబడి, చదివేవారి కళ్లను చూడడం. చదివే కన్ను గీత వెంబడి పోతుంది, మళ్లీ వెనక్కి వచ్చి కింది గీత అందుకుంటుంది. ఒప్పజెప్పే కన్ను ఒకచోటనే ఉంటుంది. ఇది కనిపెట్టడానికి అక్షరాలు అక్కరలేదు. అక్షరాలు వచ్చినవారు కాగితం చూస్తారు, కళ్లు చూడరు.

"సదివేవాని కన్ను కదలాల. నీ పెట్టె కన్ను కదల్లే" అన్నాను.

ప్రకాశప్ప ఓపికగానే చెప్పాడు. ఇప్పుడే రాసిన ఫైలు కంప్యూటరు జ్ఞాపకంలోనే ఉంటుందట. అడిగినప్పుడు పెట్టె దాకా పోకుండా ఆ జ్ఞాపకం నుంచే తీసి ఇస్తుందట. అది తప్పు కాదు, తెలివి. అన్ని కంప్యూటర్లూ అట్లాగే చేస్తాయన్నాడు. నాగభూషణప్ప కూడా తెలివైనవాడేనని చెప్పాను. పెట్టెను ఆర్పి, వైరు పీకి, ఈ పటాల మొహమే చూడని ఇంకో కంప్యూటరుకు తగిలించి చదివించమన్నాను. పరీక్షల పట్టికలో ఆ మెట్టు లేదని, చేర్చాలంటే బెంగళూరు అనుమతి కావాలని అన్నాడు. పైగా అన్నీ పచ్చగానే వచ్చాయి కదా, పాసైనవానికి మళ్లీ పరీక్ష ఏందక్కా అన్నాడు.

సంగతి శిరస్తేదారు దాకా పోయింది. నా విరమణ కాగితాలు ఆయన బల్ల మీదనే ఉన్నాయి. నా మీద విచారణ ఏదీ లేదని ఆయన రాసిస్తే తప్ప పింఛను రాదు. ముందు నీ సంతకం, తర్వాత నాది అని మర్యాదగానే చెప్పారు. నేను కదలకపోయేసరికి మర్యాద తగ్గింది.

"అక్షరం రాని దానివి. నువ్వేం సమీక్ష చేస్తావు?" అన్నారు.

"నా పేరు రాసినప్పుడు మీరు అక్షరాలు అడగలేదు సార్" అన్నాను.

సహకరించడం లేదని నాకు మెమో ఇచ్చారు. ఆ మెమోను ఆయన బల్ల మీంచి టపాలు విభాగానికి మోసుకుపోయింది నేనే. ఆ పని చేసే అటెండరు ఇంకొకరు లేరు. టపాలు గుమాస్తా దాన్ని పుస్తకంలో ఎక్కించి, నంబరు వేసి, తిరిగి నా చేతికే ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టమన్నాడు. ఆ సంతకం పెట్టాను.

నాలుగు రోజులు అట్లా గడిచాయి. ఐదో రోజు శిరస్తేదారు కుడతినిలో ఏదో సభకు వెళ్లారు. ప్రకాశప్ప నా దగ్గరికి వచ్చి "నీ నోరు మూపియ్యనీకే సేస్తాండా, రా" అని పెట్టె వైరు పీకాడు. ఇద్దరమూ దాన్ని టపాలు గుమాస్తా కంప్యూటరు దగ్గరికి తీసుకుపోయాము. తగిలించాడు. ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటి ఎంత పెద్దదిగా ఉండాలో అంతే ఉంది. నా వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"పేర్లు నాకు సదవను రావు. లోపల తెరువు" అన్నాను.

సిరుగుప్ప వైపు ఊరే సిరిగేరి, ఆ కట్టలో మొదటి పటం తెరిచాడు. పైన సగం గట్లూ కాలువా ఉన్నాయి. కింద సగం బూడిద రంగు, సున్నం వేస్తూ వేస్తూ మధ్యలో వదిలేసిన గోడలా ఉంది. రెండోది నిండుగా ఉంది. మూడోది మళ్లీ సగమే. పెట్టె దీపం ఈసారి ఆగకుండా కొట్టుకుంటున్నది.

"అక్కా, సంతకం పెట్టలే కదా నువ్వు?" అన్నాడు.

"లేదప్పా."

అతను నేల మీదనే కూర్చుండిపోయాడు.

కొత్త డిస్కులో పుట్టుకతోనే లోపమున్నదని తర్వాత తేలింది. ఏది ఇచ్చినా తీసుకుని, పూర్తిగా రాయకుండానే 'అయింది' అని జవాబిచ్చే గుణం దానికి ఉందట. మా కచేరీకి వచ్చి వారమే అయింది, అప్పుడే నేర్చుకున్నదా అని అడిగాను. పాత కంప్యూటరులో అన్నీ భద్రంగా ఉన్నాయి గనక వేరే పెట్టె తెప్పించి మొదటి నుంచి మొదలుపెట్టాడు. పరీక్షల్లో కొత్త మెట్టు చేర్చాడు. రాసిన తర్వాత ఆర్పాలి, విప్పాలి, వేరే కంప్యూటరుకు తగిలించాలి, అప్పుడే చదవాలి. పచ్చ గీతలు ఇక వానలా రాలేదు, ఒక్కొక్క చుక్కే పడ్డాయి. పదకొండు రోజులు పట్టింది. సిరుగుప్ప వైపు పటాలను పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టించి గట్టు గట్టూ చూసుకుని, పన్నెండో రోజు సంతకం పెట్టాను.

కంపెనీ తన నివేదికలో, తమ పటిష్టమైన పరీక్షా విధానం లోపాన్ని సకాలంలో పసిగట్టిందని రాసుకుంది. అదనపు మెట్టు తమ ఆదేశం మేరకే చేర్చారని శిరస్తేదారు రాసుకున్నారు. విచారణ ఏదీ లేదని నాకూ రాసిచ్చారు. మెమో మాత్రం రద్దు కాలేదు. రద్దు చేయాలంటే తప్పు ఎవరిదో రాయాలి. సమీక్షకురాలు చివరకు సహకరించినందున ముగించడమైనదని దాని మీద ఉంది.

ఈ వ్యవహారంలో నేను తెలుసుకున్నది కొంచెమే. పరీక్ష పాసైందనడం వేరు, పరీక్ష జరిగిందనడం వేరు. రాసినవారికి రాసింది గుర్తున్నంతసేపు వారి చేత చదివించడం దండగ. మరిచినవారి చేత గాని, ముందే తెలియనివారి చేత గాని చదివించాలి. కంప్యూటరుకైనా గుమాస్తాకైనా ఇదే.

పద్మా, సాలుగానీ, కలం ఆడ పెట్టు. పోయి నీళ్లు తాగిరా, నేను సెప్పిందంతా రవ్వంత మర్సిపో. ఆ మీద వచ్చి, కాయితం సూసి, నాకు సదివి ఇనిపించు.