కత్తెరమ్మ కుర్చీ

స్కూలు యూనిఫాంలు కుట్టే ఆ గదిలో ఆవిణ్ని అందరూ కత్తెరమ్మ అంటారు. ఒకప్పుడు కిటికీ పక్క మిషను మీద ఆవిడ కుట్టిన కాలరుకు వంక పెట్టినవాళ్ళు లేరు. ఉన్నట్టుండి మిషను వదిలేసి, నిలబడి గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరికి మారింది. "కటింగ్ మాస్టరైపోదామని పొగరు" అని మిగతావాళ్ళు చెవులు కొరుక్కున్నారు. పొగరూ లేదు, పాడూ లేదు. కూర్చోలేక లేచింది, అంతే.

యోని ద్వారం దగ్గర మంట. కారం రాసినట్టుండేది. కూర్చుంటే మంట, బిగుతు బట్ట తగిలితే మంట, మొగుడు ప్రేమగా దగ్గరికొస్తే ఆ భయానికే ఒళ్ళు బిగుసుకుపోయేది. శుభ్రం చాలదేమోనని ఘాటు మందుసబ్బుతో రుద్ది రుద్ది కడిగేది. దాంతో ఇంకాస్త రాజుకునేది. ఎవరికి చూపించుకున్నా ఏదో పూతమందు రాసిచ్చి పంపేవాళ్ళు. ఈలోగా ఆవిడకి ఇంకో జబ్బు అంటుకుంది. హాయిగా కూర్చున్న ఆడదాన్ని చూస్తే చాలు, కుళ్ళు. సైకిలు తొక్కే పిల్లను చూసినా కడుపు రగిలిపోయేది.

మధ్యాహ్నం అందరూ కూర్చుని డబ్బాలు విప్పుతుంటే, తనలాగే నిలబడి తినేది ఇంకొకతె ఉందని ఓ రోజు కనిపెట్టింది. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే మనిషి, ఆ గదిలో అందరికీ వదిన.

"నీకూ నడుం నొప్పేనా వదినా?"

"నడుమనే చెప్పుకుంటున్నా" అంది వదిన, అటూ ఇటూ చూసి.

ఇద్దరిదీ ఒకటే మంటని తేలాక, కత్తెరమ్మే నలుగురినీ వాకబు చేసి ఒక లేడీ డాక్టరును పట్టుకుంది. వదిననూ తీసుకెళ్ళింది. డాక్టరు ఇద్దర్నీ విడివిడిగా చూసి, దూదిపుల్లతో మెల్లగా తాకుతూ ఎక్కడెక్కడ నొప్పో అడిగింది. "పుండు లేదు, చీము లేదు. అక్కడి నరాలు మరీ సున్నితమైపోయాయి, చుట్టూ కండరాలు బిగుసుకున్నాయి. నొప్పి మాత్రం నిజం" అంది. ఆ చివరి మాటకి కత్తెరమ్మ భోరుమంది. సబ్బు మానేసి వట్టి నీళ్ళతో కడుక్కోమంది డాక్టరు. మొద్దుబార్చే పూత, నరాలకు మాత్ర, కండరాలు వదులయ్యే వ్యాయామం రాసిచ్చింది. కూర్చోవడం కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, నొప్పి రాకముందే లేవమంది.

కొన్ని నెలలకే వదినకి తగ్గిపోయింది!

కత్తెరమ్మకి మాత్రం అంతంతమాత్రం. డాక్టరును వెతికింది నేను, బాగుపడింది తనా? అది చాలదన్నట్టు, యజమాని ఖాళీగా ఉన్న ఆ కిటికీ మిషను వదినకే ఇచ్చాడు. కత్తెరమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఆ కసితోనే వ్యాయామం మానేసింది, పూతమందు గొట్టాన్ని ఇంట్లో సొరుగులో పారేసింది.

ఓ రోజు వదిన ముడతలు పడ్డ కాలరు పట్టుకుని పిలిచింది. "కాస్త చూసిపెట్టవా?"

"నా డాక్టరు కావాలి, నా మిషను కావాలి, ఇప్పుడు నా పనితనం కూడా కావాలా?"

వదిన నొచ్చుకోలేదు. "మందులు వాడుతున్నావా?"

"ఎందుకూ? నీకు తగ్గినప్పుడే నాకూ తగ్గాలిగా. తగ్గలేదంటే ఇక తగ్గదు."

"నా కొలతలు తీసుకుని నీ జాకెట్టు కత్తిరించుకుంటావా ఎప్పుడైనా?"

కత్తెరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "లే అక్కణ్నించి!"

వదిన లేచింది. కుర్చీ మీద పీలికలు కూరి కుట్టిన దిండు ఉంది. నొప్పి ఉన్న చోట ఒత్తకుండా మధ్యలో ఖాళీ వదిలిపెట్టి మరీ కుట్టింది.

"నీకోసమే కుట్టా. ఇస్తే నా మొహాన కొడతావని నేనే వేసుకు కూర్చుంటున్నా."

కత్తెరమ్మ ఆ దిండు మీద మెల్లగా కూర్చుంది. కాలరు విప్పి మళ్ళీ కుట్టింది. ఇదివరకైతే పళ్ళు బిగబట్టి, కన్నీళ్ళొచ్చేదాకా కూర్చుని గానీ లేచేది కాదు. ఈసారి దారం తెంపగానే, మంట మొదలవకముందే లేచింది. కాలరు నున్నగా వచ్చింది.

"అప్పుడే లేచావేం?"

"రేపు మళ్ళీ కూర్చుంటా. కుర్చీ ఖాళీ చేసిపెట్టు."

వదిన నవ్వి, కుర్చీలో చతికిలబడి అలవాటుగా కాలు మీద కాలు వేసుకుంది. కత్తెరమ్మ కడుపు మళ్ళీ భగ్గుమంది.

"ఆ కాలు నా ఎదుటే వేసుకోవాలా వదినా?" అని కసిరి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళగానే మాత్రం, చెప్పులైనా విప్పకుండా, సొరుగు లాగి పూతమందు గొట్టం కోసం వెతికింది.