మౌనానికి వెళ్ళిన మా పాస్టర్ గారు

మా పాస్టర్ గారికి దేవుడు రెండు వరాలిచ్చాడు. ఒకటి గొంతు, రెండోది ఆ గొంతుకి అలుపు లేకపోవడం. పాలకొల్లు వైపు మనిషి. అమెరికా వచ్చాక వారమంతా ప్లేనోలో డేటాబేస్ ఉద్యోగం, ఆదివారం ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చి. అద్దె హాల్లో మైకు పనిచేయకపోయినా వెనక వరుసలో కునుకు తీయడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడాది సిటీ కౌన్సిల్‌కి తెలుగాయన ఒకాయన నిలబడ్డాడు. చర్చికి వచ్చే మనిషి కాదు గానీ మా పాస్టర్ గారి గొంతు గురించి ఎక్కడో విన్నాడు. "అయ్యగారూ, మీరొక్క మాట చెబితే చాలు" అన్నాడట. అంతే. ఆయన పేరు ముందు ప్రార్థనలోకి వచ్చింది, తర్వాత ప్రకటనల్లోకి. ఒక ఆదివారం దావీదు అభిషేకంతో మొదలైన ప్రసంగం ఆయన పార్కింగ్ ప్లాన్‌తో ముగిసింది.

సంఘంలో గొణుగుడు మొదలైంది. ఎదురుగా చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. చివరికి పాస్టరమ్మగారే నాకు ఫోన్ చేశారు. "ఇంట్లో కూడా ఇదే గోలమ్మా. అన్నం పెడుతుంటే నన్ను ఓటరులా చూస్తున్నారు" అన్నారు.

అప్పటికి నేను ఊరవతల ఒక క్యాథలిక్ మఠంలో శనివారం క్లాసులకి వెళ్తున్నాను. మధ్యయుగపు చర్చి చరిత్ర. ఆఫీస్‌లో నాది టెస్టింగ్ పని, అంటే ఇతరుల తప్పులు వెతకడం. తొమ్మిది వందల ఏళ్ల కిందటి తప్పులైతే ఎవరూ వాదనకి రారు, అదో హాయి. పాఠం చెప్పేది ఆ మఠంలోనే ఉండే ఒక ముసలి ఫాదర్, సందర్భానికి తగ్గ పాత కథ చెప్పడంలో దిట్ట. పాస్టర్ గారిని ఆయన దగ్గరికి తీసుకెళ్దామని నాకు తోచింది.

"అయ్యగారూ, నేను క్లాసులకెళ్ళే మఠంలో ఒక్కరోజు మౌనంగా గడిపే రిట్రీట్‌కి వస్తారా?"

"ఆర్‌సీఎం క్యాథలిక్కుల దగ్గరికా సిస్టర్?" అని కళ్ళు పెద్దవి చేశారు.

"భోజనం బాగుంటుందండీ."

వచ్చారు. నేను డ్రైవ్ చేశాను, ఆయన మాట్లాడారు. మౌనం ఎంత గొప్పదో దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు.

భోజనానికి ముందు మఠాధిపతే స్వయంగా జగ్గు పట్టుకుని వచ్చి అతిథుల చేతుల మీద నీళ్ళు పోశాడు. అది వాళ్ళ పాత పద్ధతి. మా పాస్టర్ గారు చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నారు. మన వైపు పాస్టర్ గారి చేతికి నీళ్ళు పోసేది చిన్నవాళ్ళే గానీ, పెద్దవాళ్ళు పోయడం ఆయన ఎన్నడూ చూడలేదు.

భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. ఆయన సూప్‌లో ఉప్పు తక్కువైంది. నోరు తెరవబోతే ఎదుటి సన్యాసి పెదాల మీద వేలు పెట్టాడు. పాస్టర్ గారు గాల్లో ఉప్పు చల్లినట్టు చేసి చూపించారు. మిరియాల పొడి వచ్చింది. ఇంకా గట్టిగా చల్లారు. చీజ్ వచ్చింది. పక్కన కూర్చున్న ముసలి ఫాదర్ భుజాలు నవ్వాపుకోలేక అదిరిపోతున్నాయి. నేను ప్లేట్‌లోంచి తల ఎత్తితే ఒట్టు.

తర్వాత తోటలో మాట్లాడుకోవచ్చన్నారు. పూర్వం మఠాల్లో అన్నీ సైగలేనని, చేప కావాలంటే చేతిని తోకలా ఆడించేవారని ఫాదర్ చెప్పాడు.

"మరి పులస కావాలంటే?" అన్నారు పాస్టర్ గారు ఇంగ్లీష్‌లో. పులస అంటే ఏమిటో వివరించడానికి గోదావరి మొత్తం చెప్పాల్సి వచ్చింది.

అంతా విని ఫాదర్ ఒక పాత కథ అందుకున్నాడు. వెనకటికి ఒక మఠాధిపతి ఉండేవాడు. మౌనం గురించి ఆయనంత బాగా చెప్పినవాళ్ళు లేరు. కానీ రాజులకి ఉత్తరాలు రాసేవాడు, ఇద్దరు పోపులు పోటీపడితే అసలు పోపు ఎవరో తేల్చడానికి దేశాలు తిరిగాడు. చివరికి యుద్ధానికి పదండని ఊరూరా ప్రసంగించాడు. జనం కదిలిపోయారు. యుద్ధంలో ఓడిపోయారు. అప్పుడు అందరూ వేలెత్తి చూపింది ఆయన్నే.

"గొంతు మంచిదేనా?" అని అడిగారు పాస్టర్ గారు.

"చాలా మంచిది. చిక్కంతా అక్కడే వచ్చింది" అన్నాడు ఫాదర్.

తిరుగు ప్రయాణంలో కార్‌లో మాట లేదు. కోపం వచ్చిందేమోనని భయపడ్డాను. హైవే దిగాక అడిగారు, "ఆ మఠాధిపతి అలా తిరుగుతుంటే మఠంలో వాళ్ళు ఏం చేసేవారు సిస్టర్?"

"ఎదురుచూసేవారటండీ. ఆయన కూడా 'మీ మీద బెంగగా ఉంది' అని వాళ్ళకి రాసేవాడట."

"ఊఁ" అన్నారు. ఆయన నోట అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

మరుసటి ఆదివారం ఆ అభ్యర్థి సిల్క్ లాల్చీ వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. మేమంతా పాస్టర్ గారి వైపే చూశాం. పాస్టర్ గారు ఊరి కోసం ప్రార్థించారు. పోటీలో ఉన్న ఇద్దరి పేర్లూ చెప్పి ప్రార్థించారు. ఆ రెండో ఆవిడ ఎవరో మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత, "అందరూ వెళ్ళి ఓటు వేయండి. ఎవరికి అని మాత్రం నన్నడక్కండి, నా నోరు ఆగదు" అన్నారు. హాలంతా నవ్వింది. అభ్యర్థి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఎన్నికల్లో ఆ అభ్యర్థి కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. మర్నాడు సాయంత్రం పాస్టర్ గారు, అమ్మగారు కోడికూర వండుకుని వాళ్ళింటికి వెళ్ళారు.

"మీరు చెప్పుంటే గెలిచేవాణ్ణేమో అయ్యగారూ" అన్నాడట ఆయన.

"గెలిచేవారేమో" అన్నారట ఈయన.

ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని క్రికెట్ చూశారట. పాస్టర్ గారు మ్యాచ్ అయ్యేదాకా కామెంటరీ చెబుతూనే ఉన్నారని అమ్మగారు నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ గొంతులో చాలా రోజుల తర్వాత హుషారు వినిపించింది.