నాగరత్నమ్మ ల్యాప్‌టాప్‌లో నేను మార్చిన సెట్టింగు

2023 వేసవి. మదనపల్లెలో నేను కంప్యూటర్ సర్వీసింగ్ షాపు పెట్టి అప్పటికి పదిహేనేళ్లు. పట్టుచీరల వ్యాపారం చేసే నాగరత్నమ్మ బ్యాటరీ మార్పించుకోవడానికి ల్యాప్‌టాప్ తెచ్చింది. డిజైన్లు చూపించుకుంటూ నెలకు రెండుసార్లు పుంగనూరు మీదుగా కుప్పం దాకా తిరిగే మనిషి. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. నెట్ లేకపోయినా వచ్చిన మెయిళ్లు తెరుచుకునేలా అందులో డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్ ఒకటి వేయించుకుంది. వేసింది నేను కాదు, పుంగనూరులో ఇదే పని చేసే రెడ్డెప్ప.

ఆ రెడ్డెప్పను నేను ఎన్నడూ చూడలేదు. పేరు వింటే మాత్రం ఒళ్లు మండేది. నా షాపులో, నా కుర్చీలో కూర్చుని జనం ఆయన్ని పొగుడుతారు. ఆ రోజూ అంతే.

"ఆయప్ప సేతిలో ఏముండాదో గానీ, ఒకసారి ముట్టుకుంటే మళ్లీ సూసే పనే ఉండదప్పా," అంది నాగరత్నమ్మ.

బ్యాటరీ మార్చాక, అడగని పని మొదలుపెట్టాను. మా వృత్తిలో చాలామందికి ఉన్న జబ్బే ఇది. ఇంకొకరు చేసిన పనికి వంక పెట్టకపోతే తోచదు.

రెడ్డెప్ప ఐమ్యాప్ అనే పద్ధతి పెట్టాడు. అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో వాటి నకలు ఉంటుంది. ఫోన్లో తెరిచినా అవే కనిపిస్తాయి. ప్రయాణాలు చేసేవాళ్లకు పెట్టాల్సింది అదే. ఎంత వెతికినా వంక దొరకలేదు. దొరకలేదనే నాకు ఇంకా మంట.

"ఎవరమ్మా ఇట్ల పెట్టింది? మెయిల్‌బాక్సు నిండిపోయి ఒకదినం ఆగిపోతాది," అని బెదరగొట్టి పాప్‌కు మార్చేశాను. పాప్ అయితే మెయిళ్లు ల్యాప్‌టాప్‌లోకి దిగిపోతాయి. సర్వర్‌లోనూ ఉంచమని టిక్ పెట్టకపోతే అక్కడ చెరిగిపోతాయి. నేను టిక్ పెట్టలేదు. ఈ మెయిళ్లు ఇంకెవరైనా చూస్తారా అని అడగనూ లేదు.

చూసేది ఆమె కూతురు సునీత. ఇంట్లో ఉండి, ఫోన్లో ఆర్డర్లు చదివి నేతగాళ్లకు చెప్పేది ఆ పిల్లే. ఇన్‌బాక్సు ఖాళీగా ఉంటే అమ్మే శుభ్రం చేసిందనుకుంది. అక్కడ కుప్పంలో నాగరత్నమ్మ డిజైన్లు చూపించడానికి ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా కొత్త మెయిళ్లు అందులోకి దిగిపోతున్నాయి. మెయిళ్లు సునీత చూసుకుంటుందిలే అని ఆమె చదవలేదు. అందులో ఒకటి ఎర్రంచు చీర ఆర్డరిచ్చిన పెళ్లివారిది: చీర అంచు ఎరుపు వద్దు, ఆకుపచ్చ కావాలి. ఇక్కడ నేతగాడు గంగులప్ప మగ్గం మీద ఎర్రంచు చీర మొదలుపెట్టేశాడు.

నాలుగోరోజు పెళ్లివారు ఫోన్ చేసి అడిగితేగానీ సంగతి బయటపడలేదు. నాగరత్నమ్మ తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగి రెడ్డెప్పతో సరిచేయించుకుంది. బస్టాండు నుంచి నేరుగా నా షాపుకొచ్చింది.

"ఆయప్ప నిన్నొక మాట అన్లేదు. మదనపల్లె ఆయన ఒక పద్ధతిలో పెట్టినాడు, మీ పనికి అది సరిపడలేదమ్మా అన్నాడు, అంతే."

తిట్టినా బాగుండేది. మర్యాదలోనూ ఆయనే గెలిచాడే అని మళ్లీ కుళ్లుకున్నాను. అయినా దాచలేకపోయాను.

"ఆయన పెట్టిందే సరైందమ్మా. ఓర్వలేక నేనే మార్చినా."

ఆమె ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంది. "నాకు సెప్తే ఏమొస్తాది? నాలుగు దినాలు కూసోని నేసింది గంగులప్ప. పోయి ఆయనకు సెప్పు."

వెళ్లాను. అంచు రంగు పడుగులోనే, అంటే మగ్గం మీద ముందే కట్టిన నిలువు దారాల్లోనే ఉంటుంది కాబట్టి మధ్యలో మార్చే వీల్లేదు. నేసినంత మేరా కోసేసి, పడుగు మళ్లీ వేసుకోవాలి. గంగులప్ప కత్తెర పక్కన పెట్టుకుని, కోయడానికి చేతులు రాక కూర్చున్నాడు. ఐమ్యాప్, పాప్ అంటూ మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు.

"అవన్నీ నాకు తెలీవు గానీ, ఆ రెడ్డెప్ప నీకేం సేసినాడప్పా?"

ఏమీ చేయలేదని చెప్పి, ఆయన కోస్తుంటే గుడ్డ పట్టుకున్నాను.

ఇప్పుడు ఇంకొకరు పెట్టిన సెట్టింగు మార్చే ముందు, ఇది కస్టమర్ కోసమా, నా కోసమా అని నన్ను నేను అడుగుతాను. రెడ్డెప్ప మీద ఈర్ష్య పోయిందా అంటే, లేదు. చెయ్యి మాత్రం ఆగుతుంది.