దౌరా గుర్రం, టీకాల గుర్రం

ఆ రోజుల్లో మాకు ధైర్యానికీ తెలివికీ తేడా తెలిసేది కాదు. ఒకటి ఉంటే రెండోది దానంతట అదే వెంట వస్తుందనుకునేవాళ్ళం. నా మటుకు నాకు రెండూ దండిగా ఉన్నాయని గట్టి నమ్మకం. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. నల్లగొండ తహసీల్ కచేరిలో నేను కొత్త గుమాస్తాను. ఇరవై రెండేళ్ళు, నున్నగా దువ్విన క్రాఫు, ఇస్త్రీ పైజామా, మా వంశంలో మొట్టమొదటి సర్కారు నౌకరి, మా ఊళ్ళో మొట్టమొదటి సైకిలు. (సైకిలు గంట ముందు వచ్చేది, నేను తర్వాత వచ్చేవాణ్ణి.) ఆ సైకిలు కోసం మా బాపు రెండు పొట్టేళ్ళను అమ్మాడు. అప్పటినుంచి ఎవరు ఎదురుపడినా "మా పిలగానికి సైకిల్ ఉన్నది" అని చెప్పాకే మంచిచెడ్డలు అడిగేవాడు. నాకు సంబంధం చూసినప్పుడు పిల్ల తండ్రితో ముందుగా చెప్పింది కూడా ఆ మాటే, నా పేరు ఆ తర్వాత చెప్పాడట. శుక్రవారం పిల్లను చూడడానికి పోవాలని మాట అయింది. దానికి ముందు ఆదివారం నాడు నేను చేసిన ఘనకార్యం ఇది.

కచేరి ఎదుట చాయ్ హోటల్లో రోజూ సాయంత్రం ఒక ముసలాయన కూర్చునేవాడు. నైజాం గుర్రపు ఫౌజులో రౌతుల మీద పెద్దగా చేసి దిగిపోయిన మనిషి. అందరూ రిసాల్దార్ సాబ్ అనేవాళ్ళు. ఫౌజు పోయింది, గుర్రం పోయింది, మీసం మాత్రం కొలువులోనే ఉంది. ఒకప్పుడు తన పై అధికారిగా ఉన్న ఇంగ్లీషు దొర నోట విన్న ముచ్చట్లన్నీ ఆయనకు కంఠతా. అందులో ఆయనకు ప్రాణప్రదమైనది లివర్‌పూల్ దగ్గర ఏటా జరిగే కంచెల పందెం. గ్రాండ్ నేషనల్ అని పేరు చెప్పేటప్పుడు చాయ్ కప్పు కింద పెట్టి, టోపీ సర్దుకునేవాడు.

"గా పందెం ఎట్ల పుట్టిందో ఎర్కేనా బేటా? రెండొందల ఏండ్ల కింద ఐర్లాండుల ఇద్దరు దొరలు పందెం కాసిండ్రు. గీ చర్చి గోపురం కాడికెళ్లి గా చర్చి గోపురం దాంక. తొవ్వ పట్టుకొని పోవుడు గాదు, సీదా పోవాలె. గోడ అడ్డమొస్తె దుంకాలె, ఒర్రె అడ్డమొస్తె దుంకాలె. అగో, గదే పెరిగి పెరిగి లివర్‌పూల్‌ల ముప్పై దుంకులాట అయింది" అనేవాడు. మొదటి ఏడు ఒక కెప్టెన్ గుర్రం మీంచి కాలువలో పడ్డాడట. వెనక వచ్చే గుర్రాలు తొక్కుతాయని నీళ్ళలోనే మునిగి కూర్చుని, లేచాక, విస్కీ కలపని నీళ్ళు ఇంత చెడ్డగా ఉంటాయని నాకు తెలియదు అన్నాడట. కాలువకు ఆయన పేరే పెట్టారట. (మా ఊరి ఒర్రెలో ఎంతమంది పడ్డారో, ఒక్కరి పేరూ పెట్టలేదు.) ఇక ఈమధ్యనే జరిగిన సంగతి చెప్పేటప్పుడు రిసాల్దార్ సాబ్ గొంతు తగ్గేది. రాజుగారింటి గుర్రం ముప్పై దుంకులూ దుంకి, అందరికన్నా ముందు వచ్చి, ఇక యాభై గజాలు ఉందనగా ఏ అడ్డమూ లేనిచోట పొట్ట నేలకానించి చతికిలబడిందట. ఎందుకో ఈరోజుకీ ఎవరికీ తెలియదు.

"అందుకే చెప్తున్న, గుర్రం కాళ్లు సూడకు బేటా. దాని అలవాటు సూడు" అని ముగించేవాడు.

మనం వినేవాళ్ళమైతే కదా. నాకు మిగతా కథ అంతా చెవికెక్కింది, ఆ చివరి మాట ఒక్కటీ జారిపోయింది. మన నల్లగొండలో మిషన్ చర్చి ఉంది, దాని మీద గంట గోపురం ఉంది. రెండు కోసుల పైచిలుకు దూరంలో ఇంకో పల్లెలో చిన్న చర్చి ఉంది, దానికీ గోపురం ఉంది. మార్చి నెలాఖరు, పంట కోసిన చెలకలన్నీ ఖాళీ. లివర్‌పూల్ వాళ్ళకు ఉన్నదేమిటి, మనకు లేనిదేమిటి? పాస్టరయ్యను అడిగితే, "ఉరుకుడైతే ఉరుకుండ్రి, పందెం ముచ్చట మాత్రం నా చెవుల పడొద్దు" అని ఆరాధన అయ్యాక గంట కొట్టడానికి ఒప్పుకున్నాడు.

గుర్రం సంగతికొస్తే దేవుడే నా కోసం పంపించాడు. మా గిర్దావరు సాబు, అంటే ఊరూరా తిరిగి పట్వారీల లెక్కలు తనిఖీ చేసే అధికారి, బిడ్డ పెండ్లికి సెలవు మీద పోతూ తన గుర్రాన్ని నాకు అప్పగించాడు. "మంచిగ మేపు, ఎక్కకు" అన్నాడు. మొదటి మాట పాటించాను. ఆ గుర్రాన్ని అందరూ దౌరా అనేవాళ్ళు, ఎందుకంటే అధికారులు పల్లెల మీద తిరిగే తిరుగుడును దౌరా అంటారు. మెడ మీద నూనె రాసినట్టు మెరుపు, ఎత్తయిన రొమ్ము. తాలూకాలో దానికన్నా బలిసింది ఏదైనా ఉందంటే అది గిర్దావరు సాబే.

ఎదుటి గుర్రం టీకాల సారుది. మశూచికి టీకాలు వేస్తూ పల్లెలు తిరిగే బ్రహ్మచారి ఆయన, గట్టిగా మాట్లాడితే తనకే భయం. ఆయన గుర్రానికి పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. దాని పేరు బక్కోడు. అయితే సారు చేతికి ఒక గడియారం ఉండేది, చీకట్లో ముళ్ళు పచ్చగా మెరిసే రకం. శుక్రవారం పిల్లవాళ్ళ ఇంటిముందు సైకిలు దిగుతూ, చెయ్యెత్తి గడియారం చూసుకుంటున్న నన్ను నేను అప్పటికే నాలుగుసార్లు ఊహించుకున్నాను.

"సారూ, నా సైకిల్, మీ గడియారం" అన్నాను.

ఆయన బక్కోడి వైపు చూశాడు, సైకిలు వైపు చూశాడు. "మల్ల ఏడ్వొద్దు తమ్మీ" అన్నాడు మెల్లగా. నేను నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆదివారం గంట మోగింది. మొత్తం నాలుగు గుర్రాలం. రెండు టాంగా గుర్రాలు, దౌరా మీద నేను, బక్కోడి మీద టీకాల సారు. రిసాల్దార్ సాబ్ ముందే బండి కట్టించుకుని అవతలి చర్చి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి టాంగా గుర్రం పానగల్ బాట కనపడగానే, రోజూ పోయే దారి కదా, అటు తిరిగి బండి లేకుండానే కిరాయికి వెళ్ళిపోయింది. రెండోది ఒర్రె గట్టున ఆగింది, దాని మీది మనిషి మాత్రం ఆగకుండా ఒర్రె దాటాడు. నా దౌరా కంపకంచె మీంచి దూకిందంటే, కింద ముల్లు కూడా కదల్లేదు. గట్లు దూకింది, మొరం గుంటలు దూకింది. వెనక్కి తిరిగి చూస్తే టీకాల సారు ఎక్కడో దుమ్ములో చుక్కంత ఉన్నాడు. నేను ఎడమ మణికట్టు మీద గడియారానికి జాగా చూసుకున్నాను.

నడుమ ఒక పల్లె వచ్చింది. నేను కళ్ళెం కుడికి లాగితే దౌరా ఎడమకు తిరిగింది. నేరుగా పట్వారీ ఇంటిముందుకు పోయి నిలబడి సకిలించింది. లోపల్నుంచి పట్వారీ రుమాలు చుట్టుకుంటూ ఉరికి వచ్చాడు. వెనకాలే ఒక జీతగాడు ఇత్తడి గంపాళంలో ఉడికిన ఉలవలు పట్టుకొచ్చాడు. సర్కారు గుర్రం గడపలోకి వస్తే ముందు గుర్రానికి ఉలవలు, తర్వాత మనిషికి మర్యాద. అది ఆ కాలపు రివాజు. రివాజు నాకూ తెలుసు. గుర్రానికి ఇంకా బాగా తెలుసునన్న సంగతే నాకు తట్టలేదు.

"గిర్దావరు సాబు రాలేదా? మిమ్ముల తోలిండా?" అన్నాడు పట్వారీ, మొహంలో నెత్తురు లేదు. ఆదివారం పూట, చెమటలు కక్కుతూ, చెప్పాపెట్టకుండా కచేరి మనిషి వచ్చాడంటే ఆయన ఏమనుకోవాలి? "పహాణీలన్ని సాఫ్‌గున్నయ్ సారూ, మీరే సూడుండ్రి" అని దస్త్రాలు తెచ్చి జీను మీదే పరిచాడు.

"నేను పందెంల ఉన్న పట్వారీ సాబ్!"

"ఎవలతోటి సారూ? నా మీద అర్జీ వెట్టిందెవలు?"

అంతలో వీధి చివర కేక లేచింది. "టీకాల గుర్రం వచ్చెనే!" ఒక్క క్షణంలో తల్లులు పిల్లల్ని చంకనేసుకున్నారు, తలుపులు దబదబా పడ్డాయి, నులకమంచాలు లోపలికి పోయాయి, కోళ్ళు సైతం గోడలెక్కాయి. ఊరి నడుమ బాట తుడిచినట్టు ఖాళీ అయింది. ఆ ఖాళీ బాటలో బక్కోడు తల వంచుకుని చక్కగా, సీదాగా వెళ్ళిపోయాడు. దానికి ఏ ఊళ్ళోనూ ఆగే పని లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఏ గడప ముందూ దానికి గుక్కెడు కుడితి పెట్టినవాడు లేడు. టీకాల సారు మాత్రం పోతూ పోతూ నాకు దండం పెట్టాడు, మర్యాదస్థుడు.

ఉలవలు అయ్యాకే దౌరా కదిలింది. కదిలాక దాన్ని తప్పుపట్టడానికి లేదు, ఉలవల బలం కదా, చెలకల్లో బక్కోణ్ణి మళ్ళీ దాటేసింది. చర్చి గోపురం కనిపించింది, రిసాల్దార్ సాబ్ మీసం కనిపించింది. ఇక యాభై గజాలు. సరిగ్గా అక్కడ, చర్చికి ఇవతల, శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ ఇల్లు. దౌరా ఆగింది. నేను తన్నాను, తిట్టాను, కాళ్ళ మీద పడి బతిమాలాను. (దిగి నిజంగానే ముందు కాళ్ళు పట్టుకున్నాను.) పటేల్ జీతగాడు గంపాళంతో వస్తుండగా బక్కోడు మమ్మల్ని దాటి చర్చి మెట్ల దగ్గర ఆగాడు. ఆగింది కూడా మెట్లు అడ్డం వచ్చినందుకే.

రిసాల్దార్ సాబ్ కుర్చీలోంచి లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "యాభై గజాలు బేటా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. నా కోసం కాదు, లివర్‌పూల్ పందెంలో రాజుగారింటి గుర్రం ఎందుకు కూలబడిందో ఆయనకు ఆరోజే అర్థమైంది. "గాడ గూడ ఎవడో ఉలవలు పెట్టేటోడు ఉండొచ్చు" అన్నాడు.

సైకిలు ఇచ్చేశాను. హ్యాండిల్ వదలడానికి నా చేతులు కాసేపు ఒప్పుకోలేదు. టీకాల సారు నా మొహం చూసి జాలిపడ్డాడు. "రెండిటిని నేనేం జేస్కుంట తమ్మీ? గుర్రం నువ్వు తోల్కపో. సైకిల్‌కైతే గడ్డి వేసే పని లేదు" అన్నాడు. అలా దౌరాను కచేరి కొట్టంలో కట్టేసి, బక్కోడి మీద ఇల్లు చేరాను. బాపు గుర్రాన్ని చూశాడు, నా వెనక సైకిలు కోసం చూశాడు. జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. గోడకు ఆనుకుని కూర్చుని, "పిల్లోళ్లకు సైకిల్ ఉందని జెప్పిన గద కొడ్కా. ఇగ నా మొకం యాడ వెట్టుకోవాలె" అన్నాడు. నాకు ఆ పొట్టేళ్ళు గుర్తొచ్చాయి. నా బతుకులో మొదటిసారి నా తెలివి మీద నాకు అనుమానం వచ్చింది.

శుక్రవారం పొద్దున బాపే అన్నాడు, "ఎక్కు. పెండ్లికొడుకు గుర్రమెక్కుడు కొత్తేం గాదు." ఆయన పక్కన నడుస్తుండగా నేను బక్కోడి మీద పిల్లవాళ్ళ ఊరు చేరాను. పొలిమేరలో మేకలు కాస్తున్న పిల్లాడు మమ్మల్ని చూసి, "టీకాల గుర్రం!" అని ఒక్క అరుపు అరిచి తుమ్మచెట్టెక్కాడు. మేం ఊళ్ళోకి పోయేసరికి ఊరు లేదు. పిల్లవాళ్ళ ఇంటిముందు కల్లాపి చల్లి ఉంది, మంచం మీద కొత్త జంపఖానా పరిచి ఉంది, మనిషి లేడు. "ఓ బావా! ఓ అక్కా!" అని బాపు పిలిచాడు. గడ్డివాములో ఏదో కదిలింది. అది మా మామ అని తర్వాత తెలిసింది.

అప్పుడు ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. ఒక పిల్ల బయటికొచ్చి, గడపలో నిలబడి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి భుజం చూపించింది. మీద రూపాయి బిళ్ళంత మచ్చ. "మాకందరికి పోయినేడే ఏసిండ్రు సారూ. గిగో సూడుండ్రి. వీళ్లు ఉత్తగనే ఉరుకుతుండ్రు. నాకేం భయం లేదు" అంది. నా కళ్ళలోకి సూటిగా చూసి, "మీరు కొత్త టీకాల సారా?" అని అడిగింది.

బాపే అందుకున్నాడు. "కాదు బిడ్డా. గీడు పెండ్లికొడుకు."

ఊరంతా టీకాల సారని తలుపులేసుకుంది. ఆమె మాత్రం పెండ్లికొడుకని తెలిశాక వేసుకుంది, అన్నిటికన్నా గట్టిగా. తలుపు వెనక నుంచి నవ్వు మాత్రం చాలాసేపు వినిపించింది. సైకిలు సంగతి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మశూచీ లేదు, ఆ టీకాలూ లేవు. మనవరాలు వాళ్ళ అవ్వ భుజం మీది మచ్చను వేలితో తడిమి ఇదేమిటని అడిగితే, నేను గొంతు సవరించుకుని లివర్‌పూల్ నుంచి మొదలుపెడతాను. "గెలిచి గడియారం పెట్టుకొని వస్తే, సోకులోడని లోపట్నే కూసుందును" అంటుంది ఆవిడ. గడియారం పెట్టుకున్న ఆ కుర్రవాణ్ణి నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ ఊహించుకుంటాను. పాపం, వాడు ఎంత దర్జాగా, ఎంత ఒంటరిగా తిరిగి పోయేవాడో.

బక్కోడు మా దొడ్లో తొమ్మిదేళ్ళు బతికాడు. కొత్త కోడలు వచ్చిన రోజునుంచే దానికి ఇత్తడి గంపాళంలో ఉలవలు ఉడికించి పెట్టింది. ఆరు నెలలు తిరక్కుండా దానికి ఎంత అలవాటయిందంటే, ఎక్కడికి తోలినా మా గడప ముందుకు వచ్చేసరికి ఆగిపోయేది. కదిపినా కదిలేది కాదు. దాని మీద కూర్చున్న నాకూ దిగిపోవాలనే ఉండేది.