మందు బుడ్డికి పొడుగు మీట

తొంభైల్లో దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మేము అద్దెకున్న ఇంటికి యజమాని ఒక ఖతరీ ముసలాయన. ఆయన కుటుంబం కింద, మేము పైన. మావారు కంపెనీ వర్క్‌షాపులో ప్రెషర్ గేజీలు చూసే ఇంజనీరు. ఒకసారి కిందవాళ్ళ నీళ్ళ మోటారు బాగుచేసి పెట్టారు. ఆ రోజు నుంచి కింద ఆగిపోయిన ప్రతి వస్తువూ మెట్లెక్కి మా ఇంటికే వచ్చేది. నేను గొణుక్కునేదాన్నే గాని, వెనకే ఖర్జూరాల పళ్ళెం కూడా వచ్చేది కాబట్టి గట్టిగా అనలేదు.

ఒక శుక్రవారం ముసలాయన గుడ్డలో చుట్టి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి ఇత్తడి బుడ్డి. గొట్టం మూతిలోంచి మందు కూరే పాత తుపాకులకి మందు అందులో పోసుకునేవారు. రెండోది సీసపు గుళ్ళు వేసుకునే తోలు సంచి, ఎండి అప్పడంలా ఉంది. రెండూ వాళ్ళ నాన్నవట. త్వరలో మనవడి పెళ్ళి. వాళ్ళ పెళ్ళిళ్ళలో మగవాళ్ళు వరసకట్టి పాడతారు, ఆడతారు, గుళ్ళు లేకుండా ఉత్త మందుతో తుపాకులు పేలుస్తారు. పెద్దకొడుకేమో వీటిని అద్దాల షోకేసులో పెడదామంటున్నాడట.

"షోకేస్ మాఫీ. హాత్ మే," అని ముసలాయన అరబ్బీ కలిసిన హిందీలో అంటూ తన చెయ్యి చూపించాడు. షోకేసు వద్దు, చేతిలోనే ఉండాలని.

ఆ చెయ్యి వణుకుతోంది. విడిగా మందు కొలిచి పోయడం ఇక ఆయన వల్ల కాదు. ఈ బుడ్డి అయితే మీట నొక్కి వదిలితే చాలు, ఒక పేలుడుకి సరిపడా మందే దాని గొట్టంలాంటి ముక్కులోకి దిగుతుంది. అది పనిచేస్తేనే ఆయన వరసలో నిలబడేది. లేకపోతే కుర్చీలో కూర్చుని చూడాలి.

లోపల పాత మందు మిగిలి ఉంటుందని మావారు ముందు బుడ్డిని నీళ్ళతో పదేపదే కడిగారు. నేను చింతపండు తీశాను. ముట్టుకోకు, ఆ నలుపే దాని అందం అని కసిరారు. ఇత్తడి మాసి ఉండటం అందమని మా పుట్టింట్లో నాకెవరూ చెప్పలేదు. సరే, తోలు సంచి నా వాటాకి వచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న ఆముదం గుడ్డకి అద్ది రోజూ కాస్త కాస్త రాశాను. మెత్తబడింది. దాన్ని వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు, బాల్కనీలోనే దాని కాపురం.

బుడ్డిలో స్ప్రింగు విరిగిపోయింది. మావారు ఉక్కు రేకు కోసి, కాల్చి, చల్లార్చి కొత్తది చేశారు. నా పోపుల పెట్టెలోని ఆవాలు బుడ్డిలో పోసి పరీక్షించారు. ఒక్క గింజ కారలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. నేనూ నొక్కి చూశాను. మీట కదల్లేదు.

"నా వల్లే కాలేదు. ఆ పెద్దాయన వల్ల ఎలా అవుతుందండీ?"

పాత స్ప్రింగూ అంత గట్టిగానే ఉండేది, మార్చకూడదన్నారు. ముసలాయన వచ్చి బొటనవేలితో నొక్కాడు. రెండు బొటనవేళ్ళూ కలిపి నొక్కాడు. తర్వాత బుడ్డిని మెల్లగా టేబుల్ మీద పెట్టి, మావారి భుజం తట్టి, షోకేసులో బాగానే ఉంటుందిలే అన్నాడు.

ఆయన మెట్లు దిగేదాకా ఆగి నేను వాదన అందుకున్నాను. స్ప్రింగు పలచన చేస్తే మందు కారుతుందన్నారు మావారు. మరి అడకత్తెరకి పిడి అంత పొడుగు ఎందుకుంటుందని అడిగాను. మీటకి అతుకు వేస్తే పాత వస్తువు విలువ పోతుందట. విలువ ఎవరికి కావాలి, కొనేవాడికా, ఆయనకా అన్నాను. మర్నాడు మావారు వర్క్‌షాపు నుంచి చిన్న ఇత్తడి పట్టీ తెచ్చి, మీటకి రివెట్లు కొట్టి బిగించారు. నా చిటికెనవేలికి కూడా లొంగింది. ఆవాలన్నీ దులిపి, తుడిచి కిందికి పంపాం.

పెళ్ళినాడు సాయంత్రం డాబా మీద, ఆ ఇంటి ఆడవాళ్ళ పక్కన, పిట్టగోడ మీంచి చూశాను. ముసలాయన వరసలో ఉన్నాడు. భుజాన గుళ్ళ సంచి, ఉత్తదే అయినా. బుడ్డి ముక్కు వేలితో మూసి, తలకిందులు చేసి, మీట నొక్కి వదిలాడు. మందు తుపాకిలో పోసుకుని, దట్టించి, ఆకాశంలోకి పేల్చాడు. నేను చెవులు మూసుకుని మరీ నవ్వాను. చెప్పలేనంత సంతోషం.

అప్పుడు పెద్దకొడుకు తన ఖాళీ తుపాకి తెచ్చి తండ్రి ముందు నిలబెట్టాడు. ముసలాయన మళ్ళీ మీట నొక్కాడు. బుడ్డి వణుకుతూ గొట్టం దాకా వచ్చింది. కొడుకు తండ్రి చెయ్యి పట్టుకోలేదు. తుపాకినే కాస్త వంచి, దాని మూతిని ఆ వణికే చేతి కిందికి తెచ్చి కదలకుండా పట్టుకున్నాడు.