శివారు చేను, నా దుప్పటి

నా చిన్నప్పుడు మండుటెండలో దుప్పటి కప్పుకుని కూర్చునే పిల్ల మా వీధి మొత్తానికి ఒక్కతే ఉండేది. ఆ పిల్ల నేనే. మాది ఉప్పలగుప్తం దగ్గర పల్లె. ఎండాకాలం గాలి కూడా జిడ్డుగా తగిలే ఆ ఊళ్లో నాకు మాత్రం చలి వేసేది. కొందరు కుంభకర్ణుడి చెల్లెలనేవారు, కొందరు మొద్దు అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. కోపం తెచ్చుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా.

నా ముఖం ఉబ్బితే మా నాయనమ్మ మనవరాలు ఒళ్లు చేసిందని మురిసిపోయి మరో సున్నుండ చేతిలో పెట్టేది. గొంతు బొంగురుపోతే చర్చిలో పాటలు పాడే పిల్లల్లోంచి నన్ను వెనక్కి జరిపారు. ఇక చదువు నీటి మీద రాతే. రాత్రి చదివింది తెల్లారేసరికి ఉండేది కాదు. మా నాన్న తిట్టి తిట్టి విసిగిపోయి, వచ్చే ఏడు బడి మాన్పించేస్తానని అమ్మతో చెప్పేశారు. నేను దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చాను. చదువు రాకపోయినా నాకు బడంటే ఇష్టం.

ఆ సంగతి తెలిసి మా మేనత్త వచ్చారు. ఆవిడ నాన్నకు అక్క, అమలాపురంలో నర్సు. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, నాడి పట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి, అన్నానికి కూర్చున్నారు. తిన్నాక చేను చూసొద్దాం పదమని నాన్నను లేవదీశారు. నన్నూ రమ్మన్నారు.

అది దాళ్వా, రెండో పంట కాలం. మాది కాలువ చివరి శివారు భూమి. నీళ్లు వంతుల మీద వచ్చేవి, పైవాళ్ల చేలు తడిశాక మిగిలితే మాకు. ఆ ఏడు చేను పసుపు తిరిగి, నేల నెర్రెలు విచ్చి ఉంది. అత్తయ్య గట్టు మీద నిలబడి చేనును తిట్టడం మొదలుపెట్టారు. ఎంత బద్ధకపు చేనో అన్నారు. పై ఊరి చేలను చూసైనా సిగ్గు తెచ్చుకోదేం అన్నారు. దీన్ని సాగు మానేయడమే మేలన్నారు. తన చేనును ఒక్క మాటన్నా నాన్న ఊరుకునేవారు కాదు.

“చేనేం చేసిందక్కా? పైన తూము తలుపు పట్టేసింది. నీళ్లు రాకపోతే అది మాత్రం ఎలా ఎదుగుద్ది?”

“మరి పిల్లనెందుకు తిడతన్నావురా తమ్ముడూ?”

నాన్న చేనును చూశారు, నన్ను చూశారు.

అత్తయ్య నా గొంతు మీద వేలు పెట్టి నిదానంగా చెప్పారు. అక్కడ థైరాయిడ్ అనే చిన్న గ్రంథి ఉంటుందట. అందులోంచి రక్తంలోకి ఊరే హార్మోను కొంచెమే అయినా ఒంట్లో వేడి, ఎదుగుదల, జ్ఞాపకం, గొంతు అన్నీ దాని మీదే ఆధారపడతాయట. కాలువ లాకుల దగ్గర నీళ్లు వదిలించే ఆఫీసరులా తలలో మరో గ్రంథి ఉండి, వదలమని కబురు పెడుతుందట. కింద తలుపు పట్టేస్తే ఎన్ని కబుర్లు వచ్చినా ఏం ప్రయోజనం? అలాగని ఎక్కువ వదిలినా ముంపే, గుండె దడదడలాడి మనిషి చిక్కిపోతాడని కూడా చెప్పారు. ఒంట్లో ఇలాంటి తూములు ఇంకా ఉన్నాయట, చక్కెర సంగతి చూసేది కడుపు వెనకాల ఉందట. నాకు సగమే అర్థమైంది. నేను మొద్దును కానని మాత్రం పూర్తిగా అర్థమైంది. అంత సంతోషం నేను అప్పటిదాకా ఎరగను.

నీళ్ల కోసం ఎవరితోనైనా తగవుకు దిగే మా నాన్న, ఆ వారమే నన్ను కాకినాడ తీసుకువెళ్లి రక్తపరీక్ష చేయించారు. అత్తయ్య అనుమానమే నిజమైంది. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోమన్నారు అక్కడి డాక్టరు. నాలుగు రోజులకే నాయనమ్మ ఇంకా తగ్గలేదేమని సణిగితే నాన్నే జవాబిచ్చారు, పైన తలుపు తీసిన పూటే శివారుకు నీళ్లొచ్చేస్తాయా అని.

వచ్చాయి. తూము తలుపు బాగుపడి ముందు చేనుకు, తర్వాత నాకు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం నేను దుప్పటి తన్నేసి, “అబ్బ, ఉక్కపోస్తంది నాన్నా” అన్నాను. నాన్న తింటున్న మామిడిపండు పక్కన పెట్టి మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నాను. ఆయన విసనకర్ర తెచ్చి నాకు విసురుతూ, రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నారు. బడి తెరిచిన రోజు సైకిలు మీద ఆయనే దించారు.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. తరగతిలో కునికే పిల్లను తిట్టబోయి ఆగి, ముందు దగ్గరికి పిలిచి ఒంట్లో ఎలా ఉందని అడిగేదాన్ని. మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఎండాకాలంలో కరెంటు పోతే మా ఇంటిల్లిపాదీ ఉక్క, ఉక్క అని విసుక్కుంటారు. నేను మాత్రం విసనకర్ర అందుకోను. మెడ మీద పట్టిన చెమటను కాసేపు అలాగే ఉండనిస్తాను.